ఎడమ చెవి

నా ఎడమ చెవి తమ్మె కుడిదానికంటే కాస్త పొడుగు. నమ్మకపోతే టేపు పెట్టి చూపిస్తాను, కొలతలు తీసి బట్టలు కుట్టడమే కదా నా పని. నాలుగేళ్లుగా మా అమ్మాయి, మా చిట్టెలుక, మధ్యాహ్నం పూట దాన్ని పట్టుకునే నిద్రపోతోంది. "అందరూ పోగులు పెట్టుకుంటారు, నువ్వు పిల్లని వేలాడేసుకున్నావు" అని మా ఆయన ఎగతాళి.

రెండు వేళ్ల మధ్య తమ్మె పెట్టుకుని నలుపుతూ ఉంటుంది. వేళ్లు ఆగాయంటే నిద్ర పట్టినట్టు. ఈలోగా నా కళ్లూ మూతలు పడతాయి. కిటికీ తెర ఉబ్బుతుంది, మెల్లగా వెనక్కి పోతుంది, మంచం నీళ్ల మీద తేలుతున్నట్టుంటుంది. లేచేసరికి మూడు దాటుతుంది.

నిన్న నోరు జారాను. బడి చొక్కాలు పన్నెండు, ఇవాళ సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. "నా చెవి నాకొదిలెయ్యవే తల్లీ! నీ వల్ల పనంతా అటకెక్కుతోంది" అని కసిరాను. అది వేళ్లు తీసేసింది.

ఇవాళ అన్నం తిని, చెయ్యి తనే కడుక్కుని, గది తలుపు దగ్గరగా వేసింది.

"నువ్వెళ్లి కుట్టుకో అమ్మా. నేను పడుకుంటాలే."

మెషిన్ ముందు కూర్చున్నానన్న మాటే గానీ మనసు మనసులో లేదు. కాలరు తిరగేసి కుట్టాను. విప్పి, మళ్లీ తిరగేసే కుట్టాను. గది నిండా ఎండ పరుచుకుంది, గోడ మీద చొక్కాల నీడలు ఊగుతున్నాయి. పిల్ల మనసు విరిచేశానేమో! ఇక ఎప్పటికీ నా దగ్గరికి రాదేమో! నా నోటిని నేనే నాలుగు తిట్టుకుని లేచాను.

తలుపు తోసి చూస్తే నిద్రపోతోంది. తన చెవి తనే పట్టుకుని.

పక్కన చేరాను. మెల్లగా ఆ చెయ్యి తీసి నా చెవి మీద పెట్టుకున్నాను. వేళ్లు రెండుసార్లు నలిపి ఆగిపోయాయి. కళ్లు తెరిచింది.

"నా మీద కోపమొచ్చిందా?" అని అడిగాను.

"ఎందుకు?"

"నిన్న కసిరాను కదే."

కళ్లు చికిలించి చూసింది. దానికి అసలు గుర్తే లేదు.

"లేదే. నాదైతే దగ్గరగా ఉంది" అని తన చెవి చూపించింది.

కోపమైతే ఎంత బాగుండేది! కాళ్లా వేళ్లా పడి బతిమాలుకునేదాన్ని, బుగ్గలు పుణికి నవ్వించేదాన్ని. దీనికేం చెయ్యను? ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

"నిద్ర రావట్లేదా అమ్మా?" అంది జాలిగా. బుల్లి చెయ్యి నా చెంప మీద పడింది. నేను జోకొట్టినట్టే కొడుతోంది, మధ్యమధ్య గురి తప్పి ముక్కు మీద. "కళ్లు మూసుకో. నేనున్నాగా."

మూసుకున్నాను. తెర ఉబ్బుతోంది, మంచం తేలుతోంది. ఇద్దరిలో నేనే ముందు నిద్రపోయాను.