నూనె కాచే హెర్‌బోర్గ్

హెర్‌బోర్గ్ గరిటె ఆపలేదు. ఆపితే చేప కార్జాలు అడుగంటుతాయి, నూనె చేదెక్కుతుంది. పొద్దున పడవలు దింపిన సరుకు పెద్ద కాగులో ఆవిరికి కరుగుతోంది. పైకి తేలిన పసుపు నూనెను ముంచి పీపాలో పోస్తోంది. పెళ్ళికి ముందునుంచీ ఇదే పని. జుట్టూ, దుప్పట్లూ, ఆఖరికి తినే రొట్టె కూడా అదే వాసన.

"ఏమే, నార్వే పిల్లలందరికీ ఎముకలు గట్టిపడే నూనె కాస్తావు, నీ కొడుక్కే దొడ్డికాళ్ళేమిటే?" అంది పక్క కాగు దగ్గర పేత్రా. "వాడి వాటా కూడా అమ్ముకుంటున్నావా?"

"పోస్తున్నానే తల్లీ, కక్కేదాకా పోస్తున్నా."

నిజమే. ఐదేళ్ళ స్వెర్రె కాళ్ళు వంగేకొద్దీ చెంచా పోయి గిన్నె వచ్చింది. ఇప్పుడు వాడు నాలుగడుగులు వేస్తే కూలబడుతున్నాడు.

మధ్యాహ్నం వాణ్ణి వీపున కట్టుకుని, రేవుకొచ్చిన వైద్యుల పడవ ఎక్కింది. లుండే అనే డాక్టరు గది చీకటి చేసి, వాడి కళ్ళలోకి సన్నటి దీపం వేశాడు. వాడు ముడుచుకుపోయాడు. నల్లగుడ్డు మీద గాజుపొడి చల్లినట్టు మెరుపులు. డాక్టరు దీపం ఆర్పాడు.

"మూలం ఎముకల్లో లేదమ్మా, మూత్రపిండాల్లో ఉంది. ఎముకకు చేరాల్సిన సారం మూత్రంలో పోతోంది. కళ్ళలో మెరిసే ఈ రవ్వలు ఒళ్ళంతా పేరుకున్నాయి. మీ ఆలుమగలిద్దరి రక్తంలోంచీ వచ్చింది, మీకే తెలియకుండా."

"మందు చెప్పండి డాక్టరుగారూ. ఎంత దూరమైనా వెళ్తాను."

"లేదు తల్లీ. నూనె మానెయ్యి. అతిగా పోస్తే ఆ మూత్రపిండాలకే దెబ్బ. అడిగినన్ని నీళ్ళివ్వు. ఉప్పు అడిగితే పెట్టు."

పక్క తడుపుతున్నాడని నీళ్ళకూజా దాచింది తనే! ముక్కు మూసి గిన్నెడు నూనె గొంతులో వంచింది తనే! హెర్‌బోర్గ్‌కు తన చేతులు తెగనరుక్కోవాలనిపించింది.

"అమ్మా, ఇంక నూనె లేదా?" అన్నాడు పడవ దిగుతుంటే వీపుమీద స్వెర్రె.

"లేదురా."

"ఒట్టు?"

"ఒట్టు."

వాడు రేవంతా వినబడేలా నవ్వాడు. ఆమె ఏడుస్తూనే నడిచింది. వాణ్ణి అత్తగారికి అప్పగించి మళ్ళీ కాగు దగ్గరికి వెళ్ళింది. కార్జాలు ఎవరికోసమూ ఆగవు.

చలికాలం పోయి కొండమీద మళ్ళీ ఎండ పొడిచేనాటికి స్వెర్రె లేడు. నిద్రలోనే పోయాడు. హెర్‌బోర్గ్ పనిలోకి వచ్చిన రోజు, "నా నోరు పడిపోను," అంటూ పేత్రా ఆమె చేతిలోంచి గరిటె లాక్కుని, రెండు కాగులూ తనే కలిపింది.

ఇంట్లో కిటికీ గట్టుమీద, వాడు అడిగితే పెట్టిన ఉప్పుచేప ముక్క ఒకటి ఉండిపోయింది, ఒక అంచున చిన్నచిన్న పళ్ళగాట్లతో.