ఆమె నోట మిగిలిన మాట

సైకిలు మేస్త్రికి దేవుడి మాట ఎప్పుడూ భార్య నోటి మీదుగానే వచ్చేది. ఆ సంగతి అతను ఎవరి దగ్గరా దాచలేదు. తెల్లారగానే ఆమె కిటికీ దగ్గర కూర్చుని బైబిలు వాక్యం చదివేది. చదివి, పుస్తకం మూయకుండా ఒళ్ళో పెట్టుకుని, కాసేపు ఊరకే ఉండేది. తర్వాత లేచి, ఇంటి ముందరి దుకాణంలో ట్యూబుకు గాలి కొడుతున్న అతని దగ్గరికి వచ్చి, "ఏమయ్యా, ఇవాళ్టికి ఇదీ" అని రెండు ముక్కలు చెప్పి వెళ్ళేది. ఆ రెండు ముక్కల్నీ అతను మనసులో నానబెట్టుకునేవాడు. బుధవారం సాయంత్రం ముందుగదిలో ప్రార్థనకు చేరిన పదిమందికీ అరగంటసేపు చెప్పేవాడు.

"నీకు చెవులిచ్చాడు, నాకు నోరిచ్చాడు" అనేవాడు భార్యతో.

"నోరు కాస్త ఎక్కువే ఇచ్చాడు. నేను రెండు ముక్కలు చెబితే నువ్వు దానికి బెల్లూ, స్టాండూ, క్యారియరూ అన్నీ బిగించావు" అనేది ఆమె.

నిజానికి అతనికీ వినాలని ఉండేది. ఎన్నోసార్లు ఆమె పక్కనే కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. వీధిలో వచ్చిపోయే బళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"ఎలా వినబడుతుందే నీకు? గొంతులా ఉంటుందా?"

"గొంతేం ఉండదయ్యా. చదువుతూ పోతుంటే ఒకచోట కాలు ఆగిపోతుంది. అంతే."

అతని కాలు ఎక్కడా ఆగేది కాదు. అధ్యాయం చివరిదాకా గడగడా నడిచిపోయేది.

వానలు వెలిసిన నెలలో ఆమె గిన్నెలు కడుగుతూ కూలబడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి కుడివైపు చెయ్యీ కాలూ చచ్చుబడ్డాయి. మాటలన్నీ పోయి ఒక్కటి మిగిలింది. "లేదు."

మనం చెప్పేదంతా ఆమెకు తెలుస్తుందనీ, ఆమె చెప్పాలనుకున్నది లోపల ఉంటుందనీ, బయటికి మాత్రం ఆ ఒక్కటే వస్తుందనీ డాక్టరు చెప్పాడు. ఆకలిగా ఉందా అంటే, లేదు. ఒళ్ళు నొప్పులుగా ఉందా అంటే, లేదు. "నేనెవరినో గుర్తున్నానా?" అని అతను నవ్వించబోతే, ఎడమ చేత్తో అతని గడ్డం పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో, "లేదు, లేదు" అంది.

కొన్ని వారాలు ప్రార్థన ఆపేశాడు. మనుషులు ఊరుకోలేదు. ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకునే ప్రార్థిద్దాం, దేవుడు వింటాడు అన్నారు. సరేనన్నాడు. ఆ బుధవారం అతను చెప్పింది ఎప్పటిదో పాత మాట. అరిగిన టైరుకు నల్లరంగు వేసి అమ్ముతున్నట్టుగా అనిపించింది అతనికి. ఎవరూ కనిపెట్టలేదు. కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చున్న ఆమె మాత్రం అతనివైపు ఒకసారి చూసి, తల దించుకుంది.

అప్పుడు వచ్చింది పెయింటరు భార్య. చిన్నప్పటి నుంచీ ఆ గదిలోనే మోకాళ్ళూనిన పిల్ల. ఆమె మొగుడు మూడో అంతస్తుకు రంగు వేస్తూ పరంజా మీంచి పడ్డాడు. తలలో రక్తం గడ్డకట్టింది. తల తెరిచి తీస్తే బతకొచ్చు, బతక్కపోనూవచ్చు, తీయకపోతే మాత్రం ఆశ లేదని డాక్టర్లు తేల్చేశారు. సరేననాల్సింది ఆ పిల్లే. మర్నాడు ఉదయంలోగా.

ఆమె ఎవరినీ పలకరించలేదు. నేరుగా వెళ్ళి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మేస్త్రి భార్య ఒళ్ళో తల పెట్టింది.

"పిన్నీ, నీతో చెబుతాడుగా దేవుడు. ఒక్కసారి అడుగు. మా ఆయన బతుకుతాడా?"

మేస్త్రి ఆ మూల కిటికీ రెక్క వేస్తున్నాడు. గబగబా ఇటు తిరిగాడు కానీ, అప్పటికే అయిపోయింది.

"లేదు" అంది మేస్త్రి భార్య.

వెనక వరసలో ఎవరో అలవాటు కొద్దీ "ఆమెన్" అన్నారు. అని, నాలుక్కరుచుకున్నారు.

"అది ఆమె మాట కాదు!" అంటూ మేస్త్రి అడ్డం వచ్చాడు. "అమ్మాయ్, అది రోగం. దేనికైనా అదే అంటుంది. చూడండి, అందరూ చూడండి. ఏమే, దాహంగా ఉందా?"

"లేదు."

గ్లాసు నోటికి అందించాడు. ఆమె గటగటా తాగింది. నీళ్ళు గడ్డం మీదుగా కారి జాకెట్టు తడిసింది. అతను ఆత్రంగా ద్వారంవైపు చూశాడు. పెయింటరు భార్య అప్పటికే వెళ్ళిపోయింది.

రిటైరైన గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. ఆ గదిలో అందరికన్నా పెద్దవాడు, ఎవరి మీదా ద్వేషం లేనివాడు. "మేస్త్రీ, కోప్పడకు. ఇన్నేళ్ళూ ఆమె నోట వచ్చింది దేవుడి మాటని నువ్వే చెప్పావు. మేం నమ్మాం. ఇవాళ రోగం మాట అంటున్నావు. ఏది ఏదో ఎవరు తేల్చాలయ్యా?"

గ్లాసు పట్టుకుని నిలబడ్డ మేస్త్రికీ ఆ క్షణాన ఒక అనుమానం పుట్టింది. నీళ్ళ సంగతికి అది రోగమే. కానీ ఆ పిల్ల అడిగినదానికి? బైబిలు కథలో గాడిద నోటితో మాట్లాడించినవాడు, చచ్చుబడ్డ నోటితో మాట్లాడించలేడా?

పొద్దున్నే దుకాణం తెరవకుండా ఆసుపత్రికి పోయాడు. పెయింటరు భార్య వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో మొగుడి చొక్కా. దాని జేబుకు అంటిన రంగు మరకను గోటితో గీకుతోంది.

"మా ఆయన్ని ఇంటికి తీసుకుపోతున్నా బాబాయ్."

"పిచ్చిపని చెయ్యకు. మీ పిన్నికి ఆ ఒక్క మాటే వస్తుంది. ఒట్టు. నిన్న నీళ్ళు అక్కర్లేదని గ్లాసుడు తాగింది. నువ్వు ఉండి చూసుంటే తెలిసేది."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "సరే. అది పిన్ని మాట కాదు, రోగం మాట. అయితే ఆయన మాటేంటి?"

"ఎవరి మాట?"

"దేవుడి మాట. మీరు చెప్పండి. అవునన్నాడని ఒక్కసారి అనండి బాబాయ్. ఇప్పుడే లోపలికెళ్ళి ఒప్పుకుంటా. కళ్ళు మూసుకుని ఒప్పుకుంటా."

ఎంత చిన్న పని. అరగంట ప్రసంగాలు చేసిన నోటికి ఒక్క ముక్క. అతను కళ్ళు మూసుకున్నాడు. జీవితంలో ఎన్నడూ వినాలని అంతగా ప్రయత్నించలేదు. ప్రభువా, నాకోసం కాదు, ఈ పిల్ల కోసం. స్ట్రెచరు చక్రం ఒకటి కిర్రుమంటూ వెళ్ళింది, దానికి నూనె కావాలి. వార్డులో ఎవరో దగ్గారు. అంతే. తన లోపల గట్టిగా అరుస్తున్నది తన కోరికేనని అతనికి తెలుసు. దాన్ని దేవుడి పేరుతో బయటికి వదలొచ్చు. రేపు ఆ మనిషి ఆపరేషను బల్ల మీదే చచ్చిపోతే, ఈ పిల్ల ఇంకెవరి మాటా జన్మలో నమ్మదు. దేవుడి మాట కూడా.

"నాకు వినబడలేదమ్మా" అన్నాడు. "నా మాటగా చెబుతున్నా, చేయించు. డాక్టరు చేయించమంటున్నాడు కదా."

"మీ మాట నాకెందుకు బాబాయ్?" ఆమె గొంతులో కోపం కూడా లేదు. "అలాంటి మాటలు చెప్పేవాళ్ళు ఈ వరండా నిండా ఉన్నారు. నేను మీ ఇంటికి వచ్చింది దానికోసం కాదుగా."

మధ్యాహ్నానికి మొగుణ్ణి ఇంటికి తీసుకుపోయింది. ఆ వారం దాటలేదు. అతను పోయాడు.

సమాధి దగ్గర వాక్యం చెప్పమని మేస్త్రిని అడిగారు. తల అడ్డంగా ఊపి, మట్టి వేసి వెనక్కి వచ్చి నిలబడ్డాడు. పక్కనున్నవాళ్ళు గుసగుసలాడుకోవడం వినబడింది. "అమ్మ మాట తప్పలేదు చూశావా?" "మంచంలో ఉండి కూడా ఎంత ఖచ్చితంగా చెప్పిందో!"

తర్వాతి బుధవారం ముందుగదిలో మనుషులు పట్టలేదు. ఎన్నడూ చూడని ముఖాలు వచ్చాయి. ఒకావిడ కూతురి కాన్పు సంగతి అడగాలంది. ఇంకొకాయన, పారిపోయిన తమ్ముడు బతికి ఉన్నాడో లేడో అడగాలన్నాడు. మేస్త్రి లోపలిగది గుమ్మానికి అడ్డంగా చేతులు పెట్టి నిలబడ్డాడు. "అడగొద్దు. ఆమెను ఏమీ అడగొద్దు. దండం పెడతాను, వెళ్ళిపోండి."

"నీ ఒక్కడికేనా దేవుడు?" అని ఒకాయన ఎద్దేవా చేశాడు. "ఇన్నాళ్ళు పిలిచి పిలిచి చెప్పావు, ఇప్పుడు రద్దీ పెరిగేసరికి తలుపు మూస్తావా?"

గుమాస్తా చెప్పులేసుకుని బయటికి నడిచాడు. అందరూ సణుక్కుంటూ దిగిపోయాక పెయింటరు భార్య మిగిలింది. ఆమెను ఆపడానికి అతనికి చేతులు రాలేదు.

ఆమె లోపలికి వెళ్ళి, మంచం అంచున కూర్చుంది. "నేనేం అడగను పిన్నీ. చెప్పి పోదామని వచ్చా. నువ్వు ముందే చెప్పి మంచిపని చేశావు. లేకపోతే ఆశ పెట్టుకునేదాన్ని. ఆశ పెట్టుకుని ఉంటే నేను తట్టుకునేదాన్ని కాదు."

మేస్త్రి భార్య ముఖం ఎర్రబడింది. మెడ నరాలు పొంగాయి. పెదవులు వంకరపోయి, తెరుచుకుని, మళ్ళీ కలిసి, ఏదో పెద్ద బరువును లోపలి నుంచి తోస్తున్నట్టు ఆమె ఒళ్ళంతా కదిలింది. అతను గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. వచ్చేస్తుంది, ఇంకో మాట వచ్చేస్తుంది అనుకున్నాడు. ఆమె నాలుక పళ్ళ వెనక చేరి, ఆ పాత అక్షరానికే సిద్ధమైంది. అది తెలిసినట్టుంది ఆమెకు. బాగున్న ఎడమ చేత్తో నోరు గట్టిగా మూసుకుంది.

"ఏడవకు పిన్నీ" అని ఆ పిల్ల ఆమె భుజం నిమిరి, లేచి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి మేస్త్రి భార్య అసలు నోరు విప్పలేదు. అన్నం ముద్దకు తెరిచేది, మూసేది. మేస్త్రి బతిమాలాడు. ఏదో ఒకటి అనవే, ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు అన్నాడు. ఆమె గోడవైపు తిరిగింది. ఉదయాన్నే ఆమె పక్కన కూర్చుని పైకి చదివి వినిపించేవాడు. ఎక్కడైనా ఆమె కన్ను ఆగుతుందేమోనని చదువుతూ చదువుతూ చూసేవాడు. ఆమె కళ్ళు మూసుకునే ఉండేవి. అతను చదువుకుంటూ పోయేవాడు. అతని కాలూ ఆగేది కాదు.

ఒక ఉదయం చదవడం మధ్యలో వదిలేసి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ప్రసంగంలో వాడే పెద్ద పెద్ద మాటలేవీ రాలేదు.

"ప్రభువా, ఆ పిల్లతో నువ్వే మాట్లాడు. నేరుగా మాట్లాడు. మా ఇంటి మీదుగా వద్దు."

బయట ఎవరో సైకిలు గంట కొట్టి, మేస్త్రీ, మేస్త్రీ, గాలి కావాలి అని పిలిచారు. అతను లేచి వెళ్ళాడు.