నా చక్రాలకు అరిసెలు లేవు

నేను ఒక బండిని. బండి అనగానే ఎడ్ల కోసం చూడకండి. నాకు మూడు చెక్క చక్రాలు, పట్టుకోవడానికి ఒక అడ్డకర్ర, అంతే. నడక రాని పిల్లలు నన్ను పట్టుకుని తోస్తారు. నడక వచ్చిన రోజే వదిలేస్తారు. నా బతుకంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. కానీ అసూయ ఉన్నవాళ్ళకి రెండు మాటలు ఎక్కడ చాలుతాయి?

నా అసూయ నేను పుట్టినప్పుడే మొదలైంది. బ్రహ్మయ్య కొత్తింటికి గడప చేయిస్తుంటే వేపదుంగలో కొంచెం మిగిలింది. "నీ భార్య కడుపుతో ఉందిగా, బండి చేసిస్తా, ఉంచుకో" అని వడ్రంగి ఆ ముక్కతో నన్ను చేశాడు. ఒకే దుంగలో పుట్టాం. అది గడప అయింది, నేను బండినయ్యాను. ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి బొట్లు పెడతారు. పొరపాటున కాలు తగిలితే కళ్ళకద్దుకుంటారు. నాకు కాలు తగిలితే మాత్రం "ఈ దిక్కుమాలిన బండొకటి అడ్డం" అని పక్కకి తంతారు. పైగా నేను దాన్ని దాటలేను. నా చక్రాలు దానికి కొట్టుకుని ఆగిపోతాయి. అప్పుడు అది నవ్వుతుందని నా అనుమానం.

నా మొదటి పాప బ్రహ్మయ్య కూతురు కోటేశ్వరి. పళ్ళు వచ్చే రోజుల్లో నా అడ్డకర్రని కొరికింది. ఆ గాట్లు ఇంకా ఉన్నాయి. మాది మిరప పండించే ఊరు. కోతలప్పుడు ఇంటిల్లిపాదీ కల్లంలోనే ఉంటారు. ఆరబోసిన కాయల పక్కన పిల్లనీ నన్నూ వదిలేసి పని చేసుకునేవాళ్ళు. ఒకరోజు ఉన్నట్టుండి మబ్బు పట్టింది. అందరూ కాయలు కుప్ప చెయ్యడానికి పరుగెత్తారు. సరిగ్గా అప్పుడే కోటేశ్వరి నా కర్ర వదిలేసింది. తూలుతూ, నిలదొక్కుకుంటూ వాళ్ళమ్మ సామ్రాజ్యం దగ్గరికి నడిచింది. సామ్రాజ్యం వెనక్కి తిరిగేసరికి పిల్ల ఆమె కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇదెట్లా వచ్చిందే ఇక్కడికి!" అని చంకనేసుకుని, ఆమె మళ్ళీ కాయల మీదికి పట్టా లాగడంలో పడిపోయింది. ఆ అడుగులు చూసింది నేనొక్కదాన్నే. నన్ను వదిలి ఆ కుచ్చెళ్ళ దగ్గరికి పోయిందని ఎంత కుళ్ళుకున్నానో!

మా వైపు పిల్లలు నడక మొదలుపెడితే అరిసెలు వండుతారు. నేల మీద వరసగా పేర్చి, పిల్లని వాటి మీద నడిపించి, తర్వాత అందరికీ పంచుతారు. ఆ ఏడు కాయలు తడిసిపోయాయి. వాటిని ఆరబెట్టే హడావిడిలో అరిసెల మాట ఎవరికీ గుర్తు రాలేదు. నన్ను అటకెక్కించారు.

కోటేశ్వరి బడికి పోతున్న రోజుల్లో తమ్ముడు పుట్టాడు, అంకబాబు. వాడు నిలబడే ఈడుకి నన్ను దించి, తుడిచి, చక్రాలకి ఆముదం రాశారు. నేను పొంగిపోయాను. కోటేశ్వరి మొహం మాత్రం ముడుచుకుపోయింది.

"అది నా బండి."

"గాడిదంత అయ్యావు, నీకెందుకే బండి? తమ్ముడిది" అంది నాయనమ్మ.

"ఇవి నా పళ్ళు" అని నా మీది గాట్లు చూపించింది కోటేశ్వరి. ఎవరూ వంగి చూడలేదు.

అంకబాబుకి నడక ఆలస్యమైంది. నన్ను పట్టుకుంటే పరుగే. నన్ను తీసేస్తే కూలబడతాడు. నాకు లోలోపల ఎంత గర్వమో! కానీ ఒకరోజు మంచంకోడు వదిలి రెండడుగులు వేశాడట. సామ్రాజ్యం వెంటనే అరిసెలకి బియ్యం నానబోసింది. ఆ మంచంకోడుని చూస్తే ఒళ్ళు మండిపోయింది నాకు.

అరిసెలు వండే రోజు కోటేశ్వరి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, నాకు చేశారా అరిసెలు?"

"ఆఁ, చేసే ఉంటాం."

"చేసే ఉంటారా, చేశారా?"

"పాకం ముదిరిపోతుంది, అవతలికి పో!"

కోటేశ్వరి నాయనమ్మ వైపు చూసింది. నాయనమ్మ తల వంచుకుని నువ్వులు ఏరుతూ కూర్చుంది. అంతే, పిల్ల విసురుగా వచ్చి నన్ను ఈడ్చుకెళ్ళి మిరపకాయల బస్తాల వెనక దాచింది.

"నువ్వు లేకపోతే వాడెట్లా నడుస్తాడో చూస్తా" అంది నాతో.

తన కుళ్ళూ నా కుళ్ళూ ఒకే బస్తా వెనక నక్కి కూర్చున్నాయి. ఆ పిల్ల మీద నాకు ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది.

నడిమింట్లో అరిసెలు పేర్చారు. అంకబాబుని నిలబెట్టారు. వాడు నా కోసం అటూ ఇటూ చూసి, చతికిలబడి ఏడుపు అందుకున్నాడు. అమ్మ చెయ్యి చాపింది. నాన్న గిలక్కాయ ఆడించాడు. వాడు లేవలేదు.

"మీవాడు నడిచేట్టు లేడు సామ్రాజ్యం, కూర్చుని తినేట్టున్నాడు!" అంది పక్కింటావిడ. అందరూ నవ్వారు. బస్తాల సందులోంచి చూస్తూ నేనూ మురిసిపోయాను.

అప్పుడు వాడికి అక్క కనపడింది. "క్కా" అని రెండు చేతులూ ఎత్తాడు. కోటేశ్వరి మొహం తిప్పుకుంది. మళ్ళీ చూసింది. వెళ్ళకే, వెళ్ళకే అనుకున్నాను నేను. వెళ్ళింది. వాడి రెండు చేతులూ పట్టుకుని లేపి, తను వెనక్కి నడుస్తూ వాడిని ముందుకి నడిపించింది. ముందు దాని మడమ, తర్వాత వాడి పాదం, రెండూ అరిసెల మీదే.

"అయ్యయ్యో, అన్నీ పెద్దదే తొక్కేస్తుందమ్మో!" అంది పక్కింటావిడ.

"తొక్కనీవే" అంది నాయనమ్మ. "దానికి అప్పుడు చెయ్యలేదు. కల్లం గొడవలో పడి మర్చిపోయాం."

సామ్రాజ్యం పమిటతో మొహం తుడుచుకుని పళ్ళెంలోంచి ఇంకో అరిసె తీసింది. వంగి, కోటేశ్వరి మడమ వెనక పెట్టింది. అదయ్యాక ఇంకొకటి.

సాయంత్రం కోటేశ్వరి నన్ను బస్తాల వెనక నుంచి బయటికి లాగింది. దాని చేతులనిండా నూనే బెల్లమూ. నడుం వంచి నన్ను గడప దాకా తోసింది. వేళ్ళు ఆ పంటిగాట్ల మీద ఆగాయి.

"నేను నడిచినప్పుడు నువ్వు చూశావా?" అని అడిగింది.

నాకు నోరు లేదు. చక్రం ఒకసారి కిర్రుమంది. కోటేశ్వరి ఏమనుకుందో ఏమో, నన్ను రెండు చేతులా ఎత్తి గడప దాటించి వసారాలో పెట్టింది.

రేపో ఎల్లుండో మళ్ళీ అటకెక్కిస్తారు. ఇప్పుడు మాత్రం నా అడ్డకర్రకి అంటిన బెల్లం కోసం చీమలు బారులు కట్టాయి. చిన్న చిన్న కాళ్ళతో నా మీద నడుస్తున్నాయి. గడపకి పసుపు ఉందిగా, దాని దగ్గరికి ఒక్క చీమ కూడా పోవడం లేదు.