వంతెన మీద ఆగే కాగడా

బడిలో నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. మా దేశంలో ఏడు ప్రావిన్సులు, వాటిలో తాలూకాల్లాంటి కాంటన్లు, కాంటన్లలో డిస్ట్రిక్టులు. పటంలో మా కాంటన్ సరిహద్దును వంతెన దగ్గర గీసిన వాళ్లకు సున్నా వేస్తాను. సరిహద్దు ఉన్నది పెట్రోలు బంకు దగ్గర.

నా చిన్నతనంలో మాత్రం వంతెన దగ్గరే ఉండేది. అవతల లాస్ గార్సాస్, ఇవతల మా సాన్ ఎల్పీదియో. ఏటా సెప్టెంబరు పద్నాలుగున, స్వాతంత్ర్య దినోత్సవం ముందు రోజు, ఊరి నుంచి ఊరికి చేతులు మారే స్వాతంత్ర్య కాగడాను అవతలి పిల్లలు పరుగున తెచ్చి, ఆ వంతెన మీదే మా చేతికి ఇచ్చేవారు. వంతెన పక్కనే మా ఒటీలియా అత్త ఇల్లు. ఒంటరి మనిషి. రెండు వైపుల పిల్లలకూ వేడి వేడి బెల్లం నీళ్లు పోసేది.

"తాగండ్రా గార్సాస్ వెధవల్లారా, మీ ఊళ్లో ఇంత తీపి ఎక్కడ దొరుకుద్ది!"

ఏడాది మొత్తంలో ఆ ఇంటికి అదొక్కటే పండగ.

నా పన్నెండో ఏట రాజధానిలో చట్టం చేసి మా ఊరిని లాస్ గార్సాస్‌లో కలిపేశారు. సరిహద్దు జరిగి ఊరవతల బంకు దగ్గరికి పోయింది. ఆ ఏడు అవతలి ఒడ్డు నుంచి బంకు దాకా కాగడాతో చివరి పరుగు తీసే అదృష్టం నాకు దక్కింది.

"యామిలెత్, వంతెన దగ్గర ఆగావో, చూసుకో! మేయరుగారు బంకు దగ్గర కాచుకుని ఉంటారు," అన్నారు ఎలియెసెర్ మాస్టారు.

వంతెన మీద అత్త నిలబడి ఉంది, చేతిలో గ్లాసు. వెనక పొయ్యి మీద పెద్ద డేగిసా.

"ఆగవే తల్లీ! సరిహద్దు వచ్చేసింది!"

"ఇప్పుడిక్కడ కాదత్తా!" అని అరుస్తూనే పరిగెత్తాను. నా వెనక పిల్లలూ ఆగలేదు. బంకు దగ్గర బ్యాండు, చప్పట్లు. పొంగిపోయాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి డేగిసా నిండుగా అలాగే ఉంది. అత్త బెల్లం నీళ్లు మళ్లీ కాచి నా చేతికిచ్చింది.

"కాగడా ఆరిపోలేదు కదా?" అని మాత్రం అడిగింది.

మరుసటి సెప్టెంబరు రాకముందే అత్త పోయింది. ఆ రోజు ఆగనందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

ఇప్పుడు పిల్లల్ని పరుగుకు తీసుకెళ్లేది నేనే. వంతెన మీద ఆపి అందరికీ గ్లాసులు నింపుతాను. బంకు దగ్గర మేయరు గడియారం చూసుకుంటే చూసుకోనీ.

ఈ ఏడు ఒక పిల్ల నన్ను నిలదీసింది. "టీచర్, సరిహద్దు ఇక్కడ లేదని మీరే అన్నారుగా? నాకు సున్నా కూడా వేశారు!"

"అవునే, పరీక్షలో తప్పే," అన్నాను. "ముందు తాగు, చల్లారిపోద్ది."