దొరగారి పొట్టలో రెండు నీడలు

దొరగారికి పద్నాలుగేళ్లు. మూడు రోజులుగా తిన్నది తిన్నట్టే కక్కుతున్నాడు. దొరగారంటే సంగీతం టీచరు పెంచుకునే పిల్లి. ఆమె, కూతురు, అల్లుడు కలిసి బుట్టలో పెట్టి ఆసుపత్రికి తెచ్చారు.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది.

"ఇక్కడ పేగు గాలితో ఉబ్బింది. కింద ఏదో అడ్డం పడింది. అదేమిటో ఇందులో తెలియడం లేదు. ముసలి పిల్లులకి గడ్డలు వస్తుంటాయి. గడ్డయితే ఈ వయసులో కోసినా లాభం ఉండకపోవచ్చు. మింగిన వస్తువైతే తీసేయొచ్చు. ఇంట్లో ఏమైనా పోయిందా?"

"మా ఇంట్లో గుండుసూది కూడా పోదు," అంది టీచరు.

కూతురు తల అడ్డంగా ఊపింది. అల్లుడు గోడ మీద టీకాల పట్టిక చదువుతున్నాడు.

"పోయిందనే చెప్పండమ్మా. పోతేనే మనకి మంచిది," అంది డాక్టరమ్మ.

పొట్ట మీద బొచ్చు గొరిగి స్కానింగ్ చేసింది. తెర మీద తెల్లటి వంపు గీత, దాని వెనక నల్లటి నీడ. పక్కనే అలాంటిదే ఇంకోటి.

"వస్తువులాగే ఉంది. కానీ పేగు గోడ కూడా మందంగా ఉంది. ఖాయంగా చెప్పలేను."

టీచరు కుర్చీలో కూలబడింది. "అయితే కోయొద్దు లెండి. నా ఒళ్లోనే పోనీ."

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "అత్తయ్యా, నాది ఒకటి పోయింది. వేలి కొసంత స్పాంజి బిరడా. చెవిలో పెట్టుకునేది."

"చెవిలో ఎందుకూ?"

"పొద్దున ఐదింటికి..." ఆగిపోయాడు.

ఐదింటికి ఆ ఇంట్లో జరిగేది ఒక్కటే, టీచరు సాధకం.

"పదకొండేళ్ల నుంచీనా అల్లుడు గారూ?"

"మొదటి ఏడాది పెట్టుకోలేదండీ."

"మరి రోజూ నా పాటకి ఆ తల ఊపడం?"

"స్పాంజి ఎక్స్‌రేలో కనపడదు," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు లెక్క కుదిరింది. కోస్తాను. ఒకటేనా పోయింది? నాకు రెండు నీడలున్నాయి."

"ఒకటేనండీ."

గంటన్నర తర్వాత డాక్టరమ్మ చిన్న డబ్బాతో వచ్చింది. "గండం గడిచింది. గడ్డ లేదు."

డబ్బాలో రెండు బిరడాలు. ఒకటి నారింజ రంగు, ఒకటి నీలం.

"నారింజది నాది," అన్నాడు అల్లుడు.

కూతురు చేతిసంచిలో ఏదో వెతకడం మొదలుపెట్టింది.

"నువ్వు కూడానా? నా కడుపున పుట్టి?"

"అమ్మా, ముందు వాణ్ణి చూద్దాం పద."

"నేను చూస్తాను. మీరిక్కడే ఉండండి," అని లేచింది టీచరు. "ఇన్నాళ్లూ చెవులు మూసుకోకుండా నా పాట విన్నది వాడొక్కడే."