ఫర్నేస్ పక్కన పిండి

వసంతకుమారి మూత తీసి చూసింది. పిండి ఇంకా అంచుకి బెత్తెడు కిందే ఉంది. గిన్నెని, ఇల్లంతా వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేస్ వైపు కాస్త జరిపి, పాత తువ్వాలు కప్పి, మోకాళ్లు పట్టుకుని లేచింది. బేస్‌మెంట్ సిమెంటు నేలమీద ఆ గిన్నె నిలిచే చోట ఏనాడో గుండ్రంగా మరక పడిపోయింది.

అమెరికాలో ఈ ట్రాయ్ ఊరి చలికి పిండి పొంగడమంటే మాటలు కాదు. కొత్త కాపురంలో రాళ్లలాంటి ఇడ్లీలు పెడితే, భర్త ఇమ్మాన్యుయేల్ నవ్వకుండా తిని, మర్నాడు గిన్నె తెచ్చి ఇక్కడ పెట్టాడు. "వెచ్చగా ఉంటది కుమారీ, రేపు చూడు," అన్నాడు. ఏటా అక్టోబరులో, కారు విడిభాగాల ఫ్యాక్టరీ నుంచి వస్తూనే, ఫర్నేస్ ముందు మోకరించి పొడుగాటి అగ్గిపుల్లతో నీలిమంట వెలిగించేవాడు. "ప్రార్థన అయిందా?" అని ఆమె వేళాకోళం చేసేది.

ఆయన పోయాక ఆ అగ్గిపుల్ల ఆమే గీస్తోంది. వారమంతా స్కూలు క్యాంటీన్‌లో ట్రేలు కడగడం, శనివారం రుబ్బడం, ఆదివారం తెలుగు చర్చిలో ఆరాధనయ్యాక అందరికీ ఇడ్లీ పెట్టడం. ఇంతకంటే చెప్పుకోవడానికి ఆమె బతుకులో ఏమీ లేదు.

మెట్ల మీద నుంచి కూతురు ఫెబీ పిలిచింది. చంకలో పసివాడు కెన్నీ.

"అమ్మా, ఫర్నేస్ మార్చేవాళ్లు వచ్చేశారు."

"పిండి పొంగలేదే. సోమవారం రమ్మనకూడదా?"

"మళ్లీ స్లాట్ లేదు. డిసెంబర్ దాటక ముందే ఈ కరెంటు హీట్ పంప్ ఇన్‌స్టాల్ చేయిస్తేనే టాక్స్ క్రెడిట్, పన్నులో కొంత వెనక్కొస్తుంది. జనవరి అయితే పోయినట్టే. పైగా ఈ పాత ఫర్నేస్ లోపల క్రాక్ ఇచ్చిందన్నారు కదా. గ్యాస్ లీకైతే? వీడు ఈ ఇంట్లోనే కదా పడుకునేది. నాకు నిద్ర పట్టట్లేదమ్మా."

"మీ నాన్న ఉంటే..."

"నాన్న ఉంటే క్రెడిట్ అనగానే ముందు ఆయనే సంతకం పెట్టేవాడు."

వసంతకుమారికి నవ్వొచ్చింది. నిజమే. కూపన్ లేకుండా సబ్బుబిళ్ల కూడా కొన్న మనిషి కాదు.

"మరి రేపు చర్చికి?"

"ఓవెన్‌లో లైటేసి పెట్టు, ఆ బల్బు వేడి చాలు. మా ఫ్రెండ్స్ అందరూ అదే చేస్తారు."

"మీ ఫ్రెండ్స్ ఇడ్లీలు తిన్నాలే."

గిన్నె ఎత్తుకుని మెట్ల మధ్యలో ఆగింది. పనివాడు గ్యాస్ మీట తిప్పాడు. నీలిమంట చిన్నదై, ఒక పక్కకి వాలి, లేకుండా పోయింది. చప్పుడేమీ లేదు. తర్వాత ఫర్నేస్‌ని విడగొట్టి, ఆమె పక్కనుంచే పైకి మోసుకుపోయారు.

సాయంత్రానికి ఇల్లు వెచ్చబడింది. పాతది రాజుకునేటప్పుడు దబ్‌మని ఇల్లంతా వినపడేది. ఇది అసలు ఉన్నట్టే లేదు. ఫెబీ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఆదివారం తెల్లవారకముందే వసంతకుమారి కాళ్లు అలవాటుగా మెట్లు దిగాయి. లైటేసింది. మరక మీద గిన్నె లేదు. దాని పక్కన హీట్ పంప్ తాలూకు పొడవాటి కొత్త పెట్టె, చెయ్యి ఆనిస్తే చల్లగా. అప్పుడు గుర్తొచ్చి పైకి వచ్చి ఓవెన్ తలుపు తీసింది.

పిండి మూతని ఎత్తేసి అంచు మీదుగా కారుతోంది. ఎప్పుడూ ఇంత పొంగలేదు.

పొంగకపోతే బాగుండునని రాత్రంతా ఆశపడ్డానని అప్పుడు తెలిసింది ఆమెకి. తర్వాత కారిన పిండి తుడిచి, గరిటె అందుకుని, ఇడ్లీ రేకులు నింపడం మొదలుపెట్టింది.

కింద, ఆమె లైటు ఆర్పడం మరిచిన బేస్‌మెంట్‌లో, దూలం మీద ఇమ్మాన్యుయేల్ పెట్టిన చోటే, పొడుగు అగ్గిపుల్లల పెట్టె సగం తెరిచి ఉంది.