ఇద్దరు తల్లులకు ఒకే ఉత్తరం

నేను పటాలంలో ప్రార్థనలు చేయించిన పాస్టర్ని. తుపాకీ పట్టలేదు కానీ, ఇరవై రెండేళ్లు సైనికులతోపాటు ఆ బురదలోనే పడుకున్నాను. పోయినవాళ్ల ఇళ్లకు ఉత్తరాలు రాయడమూ నా పనే. రిటైరయ్యాక కూడా ఏటా ఒకరోజు, పోయినవాళ్ల పేర్లు చదవడానికి బ్యారక్సు హాలుకు పిలుస్తారు. ఈ ఏడు ఇంకా మొదలుపెట్టకముందే ఒకావిడ వచ్చి రెండు ఉత్తరాలు నా ముందు పరిచింది.

"ఇది నాకు రాసింది. అది నా పక్కన కూర్చున్నావిడకి. చదవండి అయ్యగారూ."

రెండింట్లోనూ అవే మాటలు. 'మీ అబ్బాయి చివరి క్షణంలో మిమ్మల్నే తలుచుకున్నాడు.' నా చేతిరాతే.

"నేను దర్జీనండి. కొలతలు తీసుకోకుండా అందరికీ ఒకే చొక్కా కుట్టేస్తే ఎలా?"

నామీద నాకే ఒళ్లు మండింది. వాళ్లు పోయిన రోజు పదకొండు ఉత్తరాలు రాశాను. మూడోదానికే మాటలు అయిపోయాయి.

"చివర్లో నేను వాళ్ల దగ్గర లేనమ్మా. అబద్ధం రాశాను," అన్నాను.

ఆమె తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పోనీ, నిజం ఒక్కటి చెప్పండి. మంచిదే కానక్కర్లేదు, మావాడిదైతే చాలు. ఆరేళ్లుగా ఈ ఒక్క ముక్కే పట్టుకుని బతుకుతున్నా."

"వాణ్ణెలా మర్చిపోతానమ్మా? ప్రార్థన పాటలో వాడు గొంతెత్తితే వరసంతా శ్రుతి తప్పేది. పెదాలు మాత్రం కదుపు నాయనా అని బతిమాలాను. రెండు వారాలు కదిపాడు, మూడో వారం మళ్లీ అందుకున్నాడు. నిలదీస్తే ఏమన్నాడో తెలుసా? 'మా అమ్మ కూడా పాడొద్దనే అంటుందండీ. కానీ నేను పాడుతుంటే మిషను తొక్కడం ఆపి మరీ వింటుంది' అన్నాడు."

ఆమె అరచేతుల్లో ముఖం దాచుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వు కూడా వినిపించింది.

"వెధవ. చూసేవాడన్నమాట," అంది. కాసేపటికి ముఖం తుడుచుకుని, "మరి ఆవిడ కొడుకో?" అని అడిగింది.

"ప్రతి ప్రార్థనలోనూ నిద్రే. గురక కూడా."

"వెళ్లి అదే చెప్పండి. ఆవిడకి ప్రాణం లేచొస్తుంది."

వెళ్లి చెప్పాను. తర్వాత పేర్లన్నీ చదివాను. చివర్లో పాట మొదలైంది. రెండో వరసలోంచి ఒక గొంతు పక్కవాళ్లను కూడా వెంటేసుకుని ఎటో వెళ్లిపోయింది. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా మరి. బ్యాండు మాస్టరు నావైపు గుర్రుగా చూశాడు. పాడనివ్వమని సైగ చేసి, ఆమె శ్రుతిలోనే నేనూ గొంతు కలిపాను.